అయిపోయిందనుకోండి

పోయినవాటి సంగతి ముందు చెప్పేస్తాను. మూడేళ్ళు ఓపిక పట్టి సంపాదించుకున్న వరుసలో ఒక చోటు పోయింది. రెండు రోజులు మా ఫోన్‌లో ఉన్న ఒక పాప ఫొటో పోయింది. మా ఆవిడకి పుట్టింటి గుమ్మం పోయింది. నాకు పద్దెనిమిదేళ్ళ స్నేహం పోయింది. లోపలి గదిలో ఉయ్యాల కోసం దూలానికి వేయించిన రెండు కొక్కేలు అలాగే ఉన్నాయి కాని, వాటికి పని పోయింది. ఆఖరికి పోయిన వేసవిలో, వీటన్నిటికీ కారణమైన మనిషి కూడా పోయాడు. తోటలో నీళ్ళు కట్టి వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి, అవి వచ్చేలోగా పోయాడు. ఆయన పోవడాన్ని ఈ వరసలో కలపాలో, విడిగా ఉంచాలో నేనింకా తేల్చుకోలేదు.

ఆయన మా ఆవిడకి అన్న. నేను ఆయన్ని బావగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను బావగారూ అనేవారు. ఆయనకి గోదావరి లంకలో మూడెకరాల అరటితోట. నేను రావులపాలెం అరటి మార్కెట్లో ఒక కమీషన్ కొట్టుకి లెక్కలు చూస్తాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగిలిందంతా గెలలు లెక్కపెడుతూ, కాటా చూస్తూ, షావుకార్లు చెప్పింది తప్పో ఒప్పో ఇంటికెళ్ళి మళ్ళీ వేసుకుంటూ నేర్చుకున్నదే. ఆయనకి లెక్కలు రావు. కూడికలన్నీ నాకు వదిలేసేవారు. మనుషుల సంగతి మాత్రం ఆయన చూసుకునేవారు.

మా వీధిలోకి వచ్చేటప్పుడు మలుపు దగ్గరే బండి ఆపేసి, తోసుకుంటూ వచ్చేవారు. మధ్యాహ్నం పూట ముసలివాళ్ళు పడుకుని ఉంటారని. పెళ్ళిభోజనాల్లో ఆయన కూర్చుని తినగా నేను చూసింది తక్కువ. తువ్వాలు నడుముకి బిగించి, పప్పు గిన్నె పట్టుకుని వరసల మధ్య తిరిగేవారు. ఎవరైనా అలిగి మూల కూర్చుంటే, ఆ మనిషి విస్తరిలో ఒక గరిటె ఎక్కువ పడేది. ఎవరేం అడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు. ఎదుటివాళ్ళ మణికట్టు పట్టుకుని, రెండుసార్లు మెల్లిగా నొక్కి, "అయిపోయిందనుకోండి" అనేవారు. ట్రాక్టరు కావాలన్నా అదే, ఆసుపత్రికి తోడు రావాలన్నా అదే. కాదు, కుదరదు అన్న మాటలు ఆయన నోట నేను వినలేదు.

మాకు పిల్లలు లేరు. రాజమండ్రి ఆసుపత్రుల చుట్టూ తిరిగిన రోజుల్లో బయట బెంచీ మీద నా పక్కన కూర్చుంది ఆయనే. క్యారేజీ విప్పి, నేను తిననంటే, "మీరు తినకపోతే లోపల డాక్టరుగారు ఫీజు తగ్గిస్తారా ఏంటండి" అని ముద్ద కలిపి చేతిలో పెట్టేవారు. వాళ్ళ ఇంటి వైపు ఎవరికి బిడ్డ పుట్టినా, ఉయ్యాల్లో వేసే రోజున ఆ బిడ్డని ఎత్తి ముందు మా ఆవిడ ఒళ్ళో పెట్టేవారు. పిల్లల్లేని మనిషి ఒళ్ళో ముందుగా పెట్టడమేంటని పెద్ద ఆడవాళ్ళు గొణిగేవారు. ఆయన వినిపించుకోనట్టు ఫొటో తీసేవాణ్ణి పిలిచి, "ఇలా రావయ్యా, ఇక్కడ తియ్యి" అనేవారు. ఇది ఒకసారి జరిగింది కాదు. అన్ని ఉయ్యాలలకీ జరిగింది. మా ఆవిడ ఆయన్ని అంతగా నమ్మిందంటే ఊరికే కాదు.

ఆయన పద్ధతి గురించి ఇంకొకటి చెప్పాలి. ఒక ఏడాది చక్కెరకేళి తోట మంచి కాపు మీద ఉంది. ఒక వ్యాపారి నా ద్వారానే బేరానికి వచ్చాడు. ధర మాట్లాడుకున్నాక బావగారు అలవాటు ప్రకారం అతని మణికట్టు నొక్కి, అయిపోయిందనుకోండి అన్నారు. మర్నాడు కూలీలతో, వ్యానుతో వెళ్ళాం. తోటలో ఒక్క గెల లేదు. చెట్లు నరికి పడేసి ఉన్నాయి, మోడుల నుంచి నీరు కారుతోంది. ముందురోజు సాయంత్రమే వేరే అతనికి కోసి ఇచ్చేశారు. వ్యాపారి గట్టు మీద నిలబడి కాసేపు చూసి, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. ఇష్టం లేకపోతే నిన్ననే చెప్పొచ్చు కదండీ అన్నాను. ఆయన నవ్వారు.

"కాదని నోటితో అంటే మనిషికి మంట, బావగారూ. గెల లేదని తనే చూసుకున్నాడనుకోండి, తగాదా ఏముంటుంది?"

నేనూ నవ్వాను. ఆ కథ మార్కెట్లో చాలామందికి చెప్పాను కూడా.

బిడ్డని పెంచుకుందామన్న మాట ముందు అన్నది మా ఆవిడ. ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆమెకి ఇష్టమై, నాకు ఇష్టం లేక కాదు. నాకు ఏదైనా అన్ని వైపుల నుంచీ వేసి చూడకపోతే నిద్ర పట్టదు. నాకు అరవై వచ్చేసరికి బిడ్డకి ఎంత వస్తుంది, మా ఇద్దరికీ ఏమైనా అయితే ఎవరు చూస్తారు, చుట్టాల ఇళ్ళల్లో భోజనాల బంతిలో కూర్చోబెడతారా లేదా, పెద్దయ్యాక కన్నవాళ్ళెవరని అడిగితే ఏం చెప్పాలి. వీటిలో కొన్నిటికి జవాబు వచ్చేది, కొన్నిటికి వచ్చేది కాదు. బంతిలో కూర్చోబెట్టే సంగతి బావగారిని అడిగితే, "నా పక్కన కూర్చుంటుందండి, ఎవరు లేపుతారో చూద్దాం" అన్నారు. ఆ జవాబుతో సగం బరువు దిగిపోయింది.

ప్రభుత్వం వాళ్ళ దత్తత జాబితాలో పేరు రాయించుకున్నాం. ఇల్లు చూడటానికి ఒకమ్మాయి వచ్చింది. వంటిల్లు చూసింది, బావి మీద మూత ఉందా అని చూసింది, మీరిద్దరూ పోట్లాడుకుంటారా అని అడిగింది. అసలు పెంచుకోవాలని ఎందుకు అనుకుంటున్నారు అన్నప్పుడు, నేను వేసుకున్న లెక్కలన్నీ వరసగా చెప్పాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, అవన్నీ పెంచగలరా అన్నదానికి జవాబులండి, నేనడిగింది ఎందుకు అని, అంది. మా ఆవిడ చెప్పింది.

"అమ్మా అని పిలిపించుకోవాలని ఉండేదండి, మొదట్లో. తర్వాత ఆలోచించుకున్నాను. పిలవకపోతే? పిలవకపోయినా పొద్దున్నే లేచి పాలు కాచి ఇవ్వగలనా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఇవ్వగలననిపించింది. అప్పుడే మా ఆయనతో అన్నాను."

ఏడాదిపాటు నేను వేసిన లెక్కలో లేని అంకె అదే. ఆ అమ్మాయి రాసుకోవడం ఆపి మా ఆవిడ వంక చూసింది.

మూడేళ్ళకి కబురొచ్చింది. ఫోన్ తెరిచి చూస్తే ఒక పాప. ఎనిమిది నెలలట. ఎవరో పిలిస్తే అటు తిరిగినట్టుంది, ఫొటోలో చూపు పక్కకి ఉంది. కింద రెండు పళ్ళు. ఒక కాలికి మేజోడు ఉంది, రెండో కాలికి లేదు. మా ఆవిడ ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి ఆ మేజోడు లేని కాలే చూస్తూ కూర్చుంది. ఔనో కాదో రెండు రోజుల్లో చెప్పాలి. మేం ఔననే అనుకున్నాం. చెప్పే ముందు ఆయనకి చూపించడం మర్యాద అని, ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం.

ఆయన ఫొటో చాలాసేపు చూశారు. బాగుంది అన్నారు. తర్వాత లేచి, నన్ను తోట వైపు నడిపించారు. అప్పటికి ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళావిడకి మళ్ళీ ఆరో నెల.

"బావగారూ, ఎవరి పిల్లో ఎందుకండి? రేపు పుట్టేది మీదే. మగైనా ఆడైనా సరే. నా చెల్లెలి ఒళ్ళో నేనే తెచ్చి పెడతాను."

నేను ఆగిపోయాను. మీ ఆవిడతో మాట్లాడారా అని అడిగాను. మాట్లాడాననీ, కడుపుతో ఉన్న మనిషి దగ్గర ఇప్పుడు ఈ మాట ఎవరూ ఎత్తొద్దనీ, పురుడయ్యాక అన్నీ పద్ధతిగా చేద్దామనీ చెప్పారు. కడుపులో ఉన్న బిడ్డ గురించి పైకి అనుకోకూడదన్నది మా వైపు అందరికీ ఉన్న పట్టింపే. నిజమేననిపించింది. మా ఆవిడకి చెబితే నమ్మలేదు. వాళ్ళావిడ పెరట్లో ఉండగా ఆయనే లోపలికి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని, రెండుసార్లు నొక్కి, ఆ మాట అన్నారు. ఆమె అక్కడే ఏడ్చేసింది.

రెండో రోజున మేం కాదని చెప్పాం. మళ్ళీ ఇంకో ఫొటో వస్తే మనసు పాడవుతుంది, పేరు కూడా తీయించేయండి అని ఆయనే అంటే, అదీ చేశాం. ఆ పాప ఫొటో ఫోన్లోంచి దానంతటదే పోయింది.

పుట్టింది ఆడపిల్ల. పురిట్లో చూసి వచ్చాం. పాలు తాగే బిడ్డ కదా, ఆరో నెల రానివ్వండి అన్నారు. ఆరో నెల వచ్చాక, అన్నప్రాసన కానివ్వండి అన్నారు. అన్నప్రాసన అయ్యాక, ఆయనే ఒక సంగతి గుర్తుచేశారు. మా వైపు రైతు కుటుంబాల్లో ఒక నమ్మకం ఉంది. బిడ్డ పుట్టు వెంట్రుకలు ఏ గోత్రం చెప్పి తీయిస్తే, బిడ్డ ఆ ఇంటిది. కన్నవాళ్ళ గోత్రంతో తీయించిన బిడ్డని ఆ తర్వాత ఎవరూ ఇవ్వరు, ఎవరూ పుచ్చుకోరు. కాబట్టి పదకొండో నెలలో, అన్నవరంలో, మీ గోత్రం చెప్పి వెంట్రుకలు తీయిద్దాం, అక్కడే పెద్దల ఎదురుగా ఒళ్ళో పెడతాను అన్నారు. ఇదంతా నాకు విడమరిచి చెప్పింది ఆయనే. నాకు అంతకుముందు ఇంత వివరంగా తెలియదు.

అన్నవరం సత్రంలో గది మాట్లాడుకున్నాం. వ్రతానికి కావలసినవి కొన్నాం. కొక్కేలు వేయించింది అప్పుడే. మా ఆవిడ పాపకి ఒక పేరు అనుకుని, పైకి అనకుండా ఉంచుకుంది.

బయలుదేరాల్సిన రోజుకి ముందురోజు, దీపాలు పెట్టే వేళకి, వీధి మలుపులో బండి ఆగిన చప్పుడైంది. ఎప్పటిలా తోసుకుంటూ వస్తారని గుమ్మంలోకి వెళ్ళాం. బండి మలుపులోనే వదిలి నడిచి వచ్చిన ఆయన భుజం మీద పాప ఉంది. తల నున్నగా గీయించి ఉంది. తలంతా గంధం. ఎండిపోయి పగుళ్ళిచ్చిన గంధం. ఆయన చేతిలో కోరుకొండ నరసింహస్వామి ప్రసాదం పొట్లం.

మా ఆవిడ వెళ్ళి పాప తల మీద చెయ్యి వేసింది. పాప ఆమె వేలు పట్టుకుంది.

"ఏ గోత్రం చెప్పావు అన్నయ్యా?"

"మీ వదినకి పాత మొక్కు ఉందంటే..."

"గోత్రం అడుగుతున్నాను."

"మనదే అమ్మాయ్."

"నాది పద్దెనిమిదేళ్ళ కిందటే మారిపోయింది అన్నయ్యా."

ఆయన ప్రసాదం అరుగు మీద పెట్టారు. నా వైపు తిరిగి, "అయిపోయింది బావగారూ" అన్నారు. అన్నన్నిసార్లూ ఆ మాటకి ఉండే తోక ఈసారి లేదు. చెయ్యి చాచారు, మణికట్టు కోసం. నేను చెయ్యి ఇవ్వలేదు. పాపని భుజం మార్చుకుని, బండి ఉన్న మలుపు వైపు నడిచి వెళ్ళిపోయారు. నరికేసిన చెట్ల ముందు గట్టు మీద నిలబడ్డ ఆ వ్యాపారి మొహం నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క మాట అనకుండా ఎలా వెళ్ళిపోయాడో కూడా అప్పుడే తెలిసింది.

చట్టానికి ఈ వెంట్రుకల పట్టింపు లేదని తర్వాత ఒక వకీలు చెప్పాడు. నిజమే కావచ్చు. కాని ఇవ్వవలసిన మనిషి చెయ్యి ముడుచుకున్నాక చట్టం తెచ్చి ఒళ్ళో పెట్టదు.

ఆ రోజు నుంచి మా ఆవిడ పుట్టింటికి వెళ్ళలేదు. మళ్ళీ జాబితాలో పేరు రాయిద్దామా అని నేను రెండు మూడుసార్లు అడిగాను. ఇంకో ఫొటో నేను చూడలేనండి అంది. ఆ తర్వాత అడగలేదు. ఆయన మార్కెట్లో ఎదురైతే నేను కాటా వైపు తిరిగేవాణ్ణి. ఆయన మాత్రం ఎప్పటిలాగే మా కొట్టు ముందు ఆగి, గుమస్తాని పేరు పెట్టి పలకరించి, కూలీలకి టీ చెప్పి వెళ్ళేవారు. నా టీ గ్లాసు కూడా వచ్చేది. నేను తాగేవాణ్ణి కాదు. పిల్లని ఇవ్వలేకపోయాడు, మమకారం వచ్చేసి ఉంటుంది, చెప్పడానికి మొహం చెల్లలేదు, అని కొన్నేళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా అనుకుంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆయన పోయారని తెలిసి మా ఆవిడ వెళ్ళింది. పెద్దకర్మ రోజున ఇద్దరం వెళ్ళాం. భోజనాలయ్యాక పెరట్లో చేతులు కడుక్కుంటుంటే, నీళ్ళ గోలెం అవతల మా ఆవిడా వాళ్ళ వదినా మాట్లాడుకోవడం వినిపించింది. వదిన గొంతులో కోపం లేదు. చాలా ఏళ్ళుగా అడగాలనుకున్నది అడుగుతున్నట్టుంది.

"మూడోసారి కూడా నాకే పుట్టిందని నీకు కష్టంగా ఉందట కదా వదినా. అందుకే గడప తొక్కట్లేదని మీ అన్నయ్య చెప్పారు. పోనీలే పాపం అనుకున్నాను."

మా ఆవిడ జరిగింది జరిగినట్టు చెప్పింది. తోటలో మాట, అన్నవరం గది, గోత్రం. వదిన చెంబు కింద పెట్టేసింది.

"నా బిడ్డనా? నాతో ఒక్క మాట అనలేదు వదినా. నాకే మొక్కూ లేదు. పొద్దున్నే లేపి, కోరుకొండ పోదాం పద అన్నారంతే." మళ్ళీ తనే అంది. "మీరు ఆ ఆఫీసులో పేరు తీయించుకున్నారని తెలిసిన రోజు మాత్రం ఇంటికొచ్చి, గండం గడిచింది, బయటి పిల్ల మన బంతిలోకి రావట్లేదు అన్నారు. ఏంటో అనుకున్నాను."

నేను గోలెం ఇవతలే నిలబడిపోయాను. అంటే ఇవ్వలేకపోవడం కాదు. ఇద్దామని ఏనాడూ అనుకోలేదు. మేం ఔనంటే ఆ పాప మా ఇంటికి వచ్చేస్తుంది, వద్దని నోటితో అంటే చెల్లెలికి మంట. అందుకని తోట కోయించినట్టు కోయించేశారు. నా పక్కన కూర్చుంటుందండి అన్న మాట కూడా, రాదనుకున్న బిడ్డ గురించి అన్నదే. ఒళ్ళో పెట్టి ఫొటో తీయించిన ఆ ఉయ్యాలలన్నీ అబద్ధమా అంటే, అదీ అనలేకపోతున్నాను. ఆయన ప్రేమ నిజమే అయ్యుండాలి. దానికి ఆయన ఒక గీత గీసుకున్నారు, మాకు చూపించలేదు. చూపించి ఉంటే ఆ రోజే దాటేవాళ్ళం, ఆయనతో మాటలు పోయినా సరే, ఆ పాపకి రెండో మేజోడు తొడిగేవాళ్ళం. అడగడానికి ఇప్పుడు మనిషి లేడు. ఆ ఆఖరి మంచినీళ్ళకి ఒక్క గడియ ముందు దొరికినా అడిగేవాణ్ణేమో.

ఆరేళ్ళు నిండబోతున్న ఆ పిల్ల రెండు జడలతో పెరట్లోకి వచ్చి, "మావయ్యా, ఇది వలిచిపెట్టవా" అని అరటిపండు ఇచ్చింది. వలిచి ఇచ్చాను. తింటూ వెళ్ళిపోయింది.

తిరిగి వస్తుంటే, బండి మీద వెనక నుంచి మా ఆవిడ అంది, ఇంటికెళ్ళాక ఆ జాబితా మళ్ళీ తెరవండి అని. ఫొటో చూడగలవా అన్నాను. చూడలేనని ఇన్నాళ్ళూ అన్నయ్య మీద కోపంతో అన్నాను, ఆ కోపానికి ఎవరో పిల్ల ఎందుకు బాకీ పడాలి అంది.

తెరిచాను. అందులో ఒక పద్ధతి ఉంది. భార్యాభర్తల వయసులు రెండూ కలుపుతారు. ఆ మొత్తం పెరిగేకొద్దీ ఇచ్చే బిడ్డ వయసు కూడా పెరుగుతుంది. ఏడాది గడిస్తే మనిషికి ఒకటి, మాకు రెండు. చంటిబిడ్డల వరస మాకు ఎప్పుడో దాటిపోయింది. నడక, మాటలు నేర్చే వయసు వాళ్ళ వరస కూడా దాటింది. ఇక వస్తే బడికి వెళ్ళే పిల్లే వస్తుంది, తనకంటూ జ్ఞాపకాలున్న పిల్ల. నేను మళ్ళీ అన్ని వైపుల నుంచీ వేయడం మొదలుపెట్టాను. మన అలవాట్లు నచ్చకపోతే, పాత ఇంటికోసం ఏడిస్తే, మనల్ని అసలు ఏమనీ పిలవకపోతే. మా ఆవిడ విని, "అన్నం తనే తింటుంది కదండీ, మీకు ఒక పని తగ్గింది" అంది. తర్వాత నవ్వకుండా, పాలు మాత్రం నేనే కాస్తాను అంది.

పేరు రాయించాం. మళ్ళీ ఇల్లు చూడటానికి వస్తారు. మళ్ళీ ఎందుకని అడుగుతారు. ఈసారి ముందు ఆమెనే చెప్పనిస్తాను.

వయసులు నింపేటప్పుడు నాది నలభై తొమ్మిది, ఆమెది నలభై ఐదు అని వేశాను. మొత్తం తొంభై నాలుగు. ఆ పాపని కాదన్న రోజున అదే గడిలో ఎనభై రెండు. తీసివేత చిన్నదే అయినా రెండుసార్లు వేసి చూశాను. ఇవ్వవలసిన మనిషి వెళ్ళిపోయాడు, ఆయన తరఫున ఇవ్వగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన మాకు ఈ రోజుకీ ఉన్న బాకీ, ఇద్దరివీ కలిపి, పన్నెండేళ్ళు.